ఉడుము ఇచ్చిన నల్లగింజలు

అనగనగా కొండల నడుమ ఒక దట్టమైన అడవి ఉండేది, పిల్లలూ. ఆ అడవిలో కొమ్మన్న అని ఒక కుర్ర అడవిదున్న ఉండేవాడు.

ఏటా వానలు మొదలయ్యే ముందు దున్నలన్నీ ఉప్పుమట్టి నాకే ఉప్పునేల దగ్గర చేరేవి. మగవి పక్కకు తిరిగి, మెడ బిగించి, మూపు పైకెత్తి ఒళ్ళు చూపించుకునేవి. ఎవరి ఒళ్ళు ఘనంగా ఉంటే ఆ ఏడాది వాళ్ళ పేరే అందరి నోటా. గెలిస్తే అంతకుమించి ఏమీ రాదు. అయినా కొమ్మన్నకు అదే ధ్యాస. రోజూ కొండెక్కి దిగేవాడు. బాగా మేసేవాడు. ఒళ్ళు వస్తోంది గానీ, మెల్లగా వస్తోంది.

ఒకరోజు దారిలో ఒక ఉడుము అతన్ని పలకరించింది.

"ఇలా కష్టపడితే ఎప్పటికి పెరుగుతావు? ఈ నల్లగింజలు తిను. పేరున్న దున్నలన్నీ తిన్నవే. బయటికి చెప్పవంతే" అంది. బదులుగా తనకు చెదపుట్టలు పగలగొట్టి పెట్టమంది.

కొమ్మన్న సరేనని తిన్నాడు. కొద్ది రోజులకే మెడ లావెక్కింది, మూపు ఉబ్బింది. చూసినవాళ్ళంతా మెచ్చుకున్నారు. ఇంకొన్ని తిన్నాడు. ఈసారి వీపు నిండా కురుపులు లేచాయి. వెంట్రుకలు రాలాయి. నిద్ర పట్టకుండా పోయింది. అక్క కాటుకమ్మ ఏమైందని అడిగితే కసురుకున్నాడు. ఉడుమేమో అవన్నీ మామూలేనని చెప్పి మరో గుప్పెడు ఇచ్చింది.

అవీ తిన్నాడు. మర్నాడు కాటుకమ్మ దూడ ఆడుకుంటూ వచ్చి అతని కాలికి తగిలింది. ఎక్కడలేని కోపంతో కొమ్ములు విసిరాడు. దూడ పక్కకు దూకింది కాబట్టి బతికింది. తను చేసింది చూసి కొమ్మన్నకు భయమేసింది. అక్కడినుంచి పరుగెత్తబోయాడు. అంతలోనే గుండె దడదడలాడింది, కళ్ళకు చీకట్లు కమ్మాయి. కుప్పకూలాడు.

తేరుకునేసరికి కాటుకమ్మ పక్కనే ఉంది.

"ఏం తింటున్నావురా? నాతో చెప్పు" అంది.

కొమ్మన్న అంతా చెప్పేశాడు. ఆమె అతన్ని వైద్యం తెలిసిన ముసలి ఏనుగు ముత్తవ్వ దగ్గరికి తీసుకెళ్ళింది. ముత్తవ్వ అతని ఛాతీకి తొండం ఆనించి చాలాసేపు విన్నది.

"ఆ గింజలు కండతోపాటు గుండెనూ ఉబ్బించి నీరసపరుస్తాయి నాయనా. ఇవాళే మానెయ్. ఒళ్ళు తగ్గుతుంది. మనసు దిగులుపడుతుంది. అప్పుడు ఒంటరిగా ఉండకు, నా దగ్గరికి రా."

మానడం తేలిక కాలేదు. ఒళ్ళు జారిపోయింది. తోటి దున్నలు నవ్వాయి. ఉడుము మళ్ళీ మళ్ళీ దారి కాసింది. కొమ్మన్న తల తిప్పుకుని వెళ్ళేవాడు. దిగులు ఎక్కువైతే అక్కను తోడు తీసుకుని ముత్తవ్వ దగ్గరికి నడిచేవాడు. మెల్లమెల్లగా నిద్ర పట్టింది. గుండె కుదుటపడింది.

ఉప్పునేల రోజు వచ్చింది. కొమ్మన్న ఉన్న ఒంటితోనే వెళ్ళి నిలబడ్డాడు. సింగడనే దున్న గెలిచాడు. అందరూ వెళ్ళిపోయాక ఆ సింగడే కొమ్మన్న దగ్గరికి వచ్చి గొంతు తగ్గించి అడిగాడు.

"నువ్వు ఆ గింజలు మానేశావట. నాకూ గుండె దడగా ఉంటోంది. మానితే తగ్గుతుందా?"

"నాకు చాలావరకు తగ్గింది. నీ సంగతి ముత్తవ్వ చూసి చెప్పాలి. పద, నేనూ వస్తాను" అన్నాడు కొమ్మన్న.

సింగడికి ఆయాసంగా ఉంది. అందుకని కొమ్మన్న అతని పక్కనే మెల్లగా నడిచాడు.

నీతి: తొందరగా ఒళ్ళు పెంచే మందు ప్రాణం మీదికి తెస్తుంది. తప్పు దాచకుండా చెప్పి సాయం అడిగితే బయటపడే దారి దొరుకుతుంది.