కాజాల సూరిబాబు తీర్పు

మండపేటలో సూరిబాబు అనే మిఠాయి కొట్టు యజమాని ఉండేవాడు. ఆయన చేసే కాజా ఎంత మెత్తనో, మనుషుల మీద ఆయన చెప్పే తీర్పు అంత తొందరపాటు.

ఊళ్లో ఆడపిల్లల బాస్కెట్‌బాల్ క్లబ్బుకి ఆయనే అధ్యక్షుడు. జట్టు గెలిచిన రోజున ఆయన కొట్టు నుంచి బుట్టెడు కాజాలు వెళ్లేవి. ఓడిన రోజున ఒక్కటి కూడా వెళ్లేది కాదు. "గెలిస్తేనే తీపి" అనేవాడు, అదేదో పెద్ద శాసనం చేసినట్టు.

ఆ ఏడాది జిల్లా పోటీలు సగంలో ఉండగా కోచ్ మూర్తి మాస్టారికి విశాఖపట్నంలో ఉద్యోగం వచ్చింది. ఆయన పెట్టే బేడా సర్దుకుని వెళ్లిపోయాడు. పోటీలు ఆగవు కదా! బాలికల బడిలో ఆటలు నేర్పే ఎస్తేరు టీచర్ని తాత్కాలికంగా కోచ్‌గా పెట్టారు.

"పోటీలయ్యే దాకా ఈవిడ పని చూడండి. బాగుందంటే ఉంచేద్దాం, లేదంటే ఇంకొకరిని తెద్దాం. మీ మాటే ఆఖరు" అని కమిటీవాళ్లు సూరిబాబుకి అప్పగించారు. ఆ సంగతి ఎస్తేరుకి తెలుసు. బంతి పట్టుకోవడం నేర్చిన నాటి నుంచీ ఆమె కోరుకున్న పని అది.

మూర్తి మాస్టారి రోజుల్లో సాధన చాలా నిశ్శబ్దంగా సాగేది. బంతి ఎవరికి దొరికినా పొడుగు పిల్ల హిమజకి ఇవ్వాలి. హిమజే బుట్టలో వెయ్యాలి. సూరిబాబుకి ఆ పద్ధతి తెగ నచ్చేది. నిజం చెప్పాలంటే, జట్టులో ఆయనకి తెలిసిన పేరు కూడా హిమజది ఒక్కటే.

ఎస్తేరు వచ్చాక గోల మొదలైంది. బంతి విసిరే ముందు, అందుకోబోయే పిల్లని పేరు పెట్టి పిలవాలని ఆమె నియమం పెట్టింది. అందరి చేతులూ తిరిగితే గానీ బుట్టలో వెయ్యకూడదంది. "నూకరత్నం!", "జరీనా!", "హిమజా!" అనే కేకలు రోడ్డు మీదకి వినిపించేవి.

"ఏంటండీ ఇది, చేపల బజారులాగ?" అన్నాడు సూరిబాబు మొదటిరోజే.

"తమ పక్కన ఎవరున్నారో పిల్లలు చూసుకోవట్లేదండీ. ముందు అది అలవాటవ్వాలి. కాస్త ఓపిక పట్టండి" అంది ఎస్తేరు.

తర్వాతి మ్యాచ్‌లో జట్టు చిత్తుగా ఓడిపోయింది. సూరిబాబు ఇంటికొచ్చి, చెప్పులైనా విడవకుండా కాకినాడలో పేరున్న కోచ్ కనకరాజుకి ఫోన్ చేశాడు.

"ఆఖరి మ్యాచ్‌కి వచ్చి జట్టుని ఓసారి చూసుకోండి. ఆ తర్వాత అంతా మీదే" అన్నాడు.

మర్నాడు కొట్లో ఒక కుర్రవాడు, అప్పుడే నూనెలోంచి తీసిన కాజాలు కావాలని పట్టుబట్టాడు. సూరిబాబు ఇంతెత్తున లేచాడు. "పాకం పట్టకుండా కాజా ఏంటయ్యా? ఇప్పుడు తిని, బాలేదని ఊరంతా చెబుతావు. కూర్చో!" అని కసిరాడు.

పక్కనే పొట్లాలు కడుతున్న ఆయన భార్య అమ్మాజీ నవ్వింది. "ఏవండీ, కాజాకిచ్చే గడువు ఆ టీచరమ్మకి ఇవ్వలేకపోయారా?" అంది.

సూరిబాబు విననట్టు పాకం కలుపుతూ కూర్చున్నాడు. కానీ ఆ మాట మనసులో ఎక్కడో గుచ్చుకుంది.

ఆఖరి మ్యాచ్ అమలాపురంతో. ఆ ఏడాది ఓటమి ఎరగని జట్టు అది. సూరిబాబు కనకరాజుని పక్కనే కూర్చోబెట్టుకున్నాడు. ఆట చివరికొచ్చేసరికి మండపేట బాగా వెనకబడింది. దానికితోడు హిమజ ఐదో ఫౌల్ చేసింది. ఇక ఆమె ఆడటానికి లేదు.

"అయిపోయిందండీ" అని సూరిబాబు తల పట్టుకున్నాడు. మూర్తి మాస్టారి కాలంలో హిమజ కూర్చుంటే మిగతా పిల్లలు దిక్కులు చూసేవారు.

ఈసారి ఎవరూ దిక్కులు చూడలేదు. "నూకరత్నం!" అని కేక వినిపించింది, బంతి నూకరత్నం చేతిలో ఉంది. "జరీనా!" అంది నూకరత్నం, బంతి జరీనాని చేరింది. బంతి ఎటు పోతోందో అమలాపురం పిల్లలకి అంతుపట్టలేదు. హిమజ బెంచీ మీద నుంచే గొంతు చించుకుని అందరి పేర్లూ పిలుస్తోంది. తేడా తగ్గుతూ తగ్గుతూ ఒక్క పాయింటుకి వచ్చింది.

సూరిబాబు ఎప్పుడు లేచాడో, కుర్చీ మీదకి ఎప్పుడెక్కాడో ఆయనకే తెలియదు. "జరీనా, వెనకాల నూకరత్నం ఉంది, చూడమ్మా! సౌజన్యా, పరిగెత్తు తల్లీ!" అని అరుస్తున్నాడు.

"అందరి పేర్లూ తెలుసే మీకు!" అన్నాడు కనకరాజు.

సూరిబాబు నోరు వెళ్లబెట్టాడు. నిజమే! ఇన్నేళ్లలో రాని పేర్లు ఆయనకి ఎప్పుడు వచ్చాయి? ఎవరు నేర్పారు? ఆయన గుండె నిండిపోయింది. ఆట ఇంకా ముగియనేలేదు, ఆయన తీర్పు మాత్రం మారిపోయింది.

నూకరత్నం విసిరిన ఆఖరి బంతి రింగు చుట్టూ తిరిగి, లోపలికి పడబోయి, బయటికి జారింది. ఈల మోగింది. మండపేట ఒక్క పాయింటుతో ఓడిపోయింది. నూకరత్నం కళ్లనీళ్లు పెట్టుకోబోయేంతలో హిమజ పరుగున వచ్చి ఆమెని అమాంతం ఎత్తుకుని గిరగిరా తిప్పింది. పిల్లలందరూ పకపకా నవ్వుతూ వాళ్ల చుట్టూ చేరారు.

"బాగానే ఉన్నారుగా వీళ్లు. మరి నన్నెందుకు పిలిచారండీ?" అన్నాడు కనకరాజు.

"కాజాలు తినడానికండీ" అన్నాడు సూరిబాబు.

ఎస్తేరు తలొంచుకుని ఎదురొచ్చింది. "ఓడిపోయామండీ" అంది.

"చూశానమ్మా. మీరొచ్చిన నాడు ఈ జట్టు ఎలా ఉందో, ఇవాళ ఎలా ఉందో అది కూడా చూశాను. తొందరపడి మిమ్మల్ని తక్కువ అంచనా వేశాను, ఏమీ అనుకోకండి. ఇకపై మా కోచ్ మీరే!" అన్నాడు సూరిబాబు. ఎస్తేరు రెండు చేతులూ జోడించింది. పిల్లల కేరింతలకి మైదానం దద్దరిల్లింది.

కాజాలు తెప్పిద్దామని సూరిబాబు ఫోన్ తీశాడు. ఆ అవసరం లేకపోయింది. అమ్మాజీ బుట్టతో ఎదురుగానే నిలబడి ఉంది.

"ఓడినా తెచ్చావేంటే?" అన్నాడాయన.

"ఇవాళ్టికి మీకు పాకం పట్టి ఉంటుందనుకున్నానండీ" అందామె. సూరిబాబు పడీ పడీ నవ్వి, మొదటి కాజా ఎస్తేరు చేతిలో పెట్టాడు.

నీతి: నడిమధ్యలో పని అందుకున్న మనిషిని ఒక్క రోజు గెలుపోటములతో తూచకూడదు, అందుకున్న చోటి నుంచి ఆ పనిని ఎంత దూరం తెచ్చారో ఓపికగా చూసి, అప్పుడు తీర్పు చెప్పాలి.