ఉప్పుకుప్పకు ఉక్కపోసిన ఏడు

అది రెండువేల పద్దెనిమిది, ఎండాకాలం. ఉగాది వెళ్ళి మూడు వారాలైంది.

ఉప్పలదిన్నెలో మాల్యాద్రి ఇంటివాళ్ళంత తెలివైనవాళ్ళు లేరు. ఈ మాట ఊళ్ళో ఎవరూ అనలేదు, మాల్యాద్రే అన్నాడు. అతని పెళ్ళాం చెంచమ్మ ఔనంది. తమ్ముడు తిరుపాలు రెండుసార్లు ఔనన్నాడు. ముగ్గురికి ముగ్గురూ ఒప్పుకున్నాక ఇంకెవర్ని అడగాలి?

సముద్రం నీళ్ళు కాలవగుండా మడుల్లో పెట్టి, ఎండబెట్టి, ఉప్పు తీయడం వాళ్ళ పని. ఆ ఏడు కుప్ప ఇంటికంటే ఎత్తు లేచింది. దానిమీద తాటాకులు కప్పి ఉంచారు. తిరుపాలు పెళ్ళి ఆ కుప్పమీదే ఆధారపడి ఉంది. వాడికి ముప్పై ఎనిమిదేళ్ళు. పిల్ల తండ్రి అంకయ్య, "సోమవారం వస్తా. కుప్ప చూపించండి, పిల్లనిస్తా" అని చెప్పి పోయాడు.

ఉప్పు పని ఎండ ముదిరేలోపే అయిపోతుంది. అందుకని మధ్యాహ్నం పూట మేరీ రత్నం టీచరు ఉప్పు కొట్టంలో పెద్దవాళ్ళకు బడి పెట్టింది. ఆ శుక్రవారం భూమి ఎందుకు వేడెక్కుతోందో మొదలుపెట్టింది.

"పొయ్యిలు, లారీలు, బొగ్గు, అన్నిట్లోనుంచీ వచ్చేదంతా ఆకాశంలో చేరి, భూమికి దుప్పటి కప్పినట్టు కమ్ముకుంటోంది. లోపలికొచ్చిన వేడి బయటికి పోదు. తిరుపాలూ, ఇట్రా."

వాణ్ణి కూర్చోబెట్టి గొంగళి కప్పింది.

"ఎట్టా ఉంది?"

"ఉడికి చస్తన్నా టీచరమ్మా."

తీసేసింది. "ఇప్పుడు?"

"హాయిగా ఉంది."

"గొంగళి కింద నీకైన అవస్థే భూమిదీ. అందుకే సముద్రం ఏటేటా కాస్త కాస్త ఎత్తు పెరుగుతోంది. ఇక వానల సంగతి..."

ముగ్గురూ లేచారు.

"ఆగండయ్యా, పాఠం సగమే అయింది!"

"సగం చాల్లే టీచరమ్మా" అన్నాడు మాల్యాద్రి. "మిగతా సగం తెలివి మా దగ్గరుంది."

అంతే. ఇంటికొచ్చారు. చెంచమ్మ పొయ్యి దగ్గర నిలబడి ఆలోచించింది. పొగ పైకి పోతేనే కదా ఇంత గొడవ? కిటికీ మూసింది. తలుపు మూసింది. చూరు కంతల్లో గుడ్డలు కుక్కింది. పొయ్యి రాజేసింది. ఇంకేముంది, ముగ్గురూ కళ్ళు ఎర్రగా చేసుకుని, దగ్గుకుంటూ వాకిట్లో పడ్డారు.

"పొగ లోపలే ఉందా?" అన్నాడు మాల్యాద్రి.

"ఒక్క గరిటెడు కూడా బయటికి పోలా."

"మరి అన్నం?"

"అదీ లోపలే ఉంది."

ఆ రోజు పస్తు. అయితేనేం, ఆకాశానికి వాళ్ళవల్ల హాని జరగలేదు.

మర్నాడు తిరుపాలు సముద్రం పని పట్టాడు. పెరిగినదాన్ని తోడేస్తే తగ్గుతుంది కదా! ఒడ్డున కర్ర పాతి, నీళ్ళు ఎంతవరకున్నాయో గుర్తు పెట్టి, బిందెతో తోడి ఇసకలో పొయ్యడం మొదలుపెట్టాడు. పొద్దున్న సముద్రం పోటుమీద ఉంది. మధ్యాహ్నానికి ఆటు వచ్చి నీళ్ళు వెనక్కిపోయాయి. కర్ర ఎండలో నిలబడింది.

"అన్నా! రెండొందల బిందెలకే ఇంత తగ్గింది!"

మాల్యాద్రి పరుగున వచ్చి చూశాడు. "ఇక ఆపరా! మొత్తం తోడేస్తే రేపు ఉప్పు దేంతో పండిస్తాం?"

సాయంత్రం మళ్ళీ పోటు వచ్చి కర్ర మునిగింది. "పక్కూరోళ్ళు తెచ్చి పోశారు" అంది చెంచమ్మ. ముగ్గురూ పక్కూరివైపు తిరిగి కాసేపు తిట్టారు.

ఆదివారం ఎండ నిప్పులు చెరిగింది. మాల్యాద్రి కుప్ప ముందు నిలబడి, తాటాకు కింద చెయ్యి పెట్టి, చటుక్కున లాక్కున్నాడు.

"వేడిగా ఉందే! ఒసే, భూమికి దుప్పటి ఎవరు కప్పారా అనుకున్నాం. మనమేనే!"

"అయ్యో పాపం" అంది చెంచమ్మ. "జనవరినుంచీ కప్పే ఉంచాం. ఎంత ఉక్కపోసిందో!"

ఇంకేముంది, ముగ్గురూ కుప్పెక్కారు. ఒక్క ఆకు మిగల్లేదు. తెల్లటి కుప్ప తళతళలాడింది. తిరుపాలు దాన్ని ప్రేమగా నిమిరి, "హాయిగా ఉందంట అన్నా" అన్నాడు.

మూడింటికి తూర్పున మబ్బు లేచింది. ఆ నెలలో అక్కడ వాన ఎవరూ ఎరగరు. ముందు చినుకులు, వెంటనే కుండపోత.

"చూశారా!" మాల్యాద్రి చేతులు చాచి గెంతాడు. "దుప్పటి తీశామో లేదో చల్లబడింది!"

గొడుగు వెనక్కి విరిగిపోయినా ఆగకుండా మేరీ రత్నం టీచరు గట్లమీద పరుగెత్తుకొచ్చింది. "ఉప్పయ్యా! ఉప్పు! కప్పండి!"

"అరవమాక టీచరమ్మా" అన్నాడు మాల్యాద్రి. "దానికీ హాయిగానే ఉంది. ఎట్టా కాళ్ళు చాపుకుని పడుకుంటందో చూడు."

నిజంగానే కుప్ప పడుకుంది. నడుమెత్తు అయింది, మోకాలెత్తు అయింది, కాలవలోకి దిగింది. టీచరు తలకాయ పట్టుకుని గట్టుమీద కూలబడింది.

"ఆ రోజు మీరు వినకుండా పోయిన సగం ఇదేనయ్యా! భూమి వేడెక్కితే వానలు అదను తప్పి పడతాయి, మన ఉప్పు కుప్పల్ని ఇంకా మందంగా కప్పుకోండి అని చెప్పబోయాను. అంతా సముద్రంలో కలిసిపోయింది."

మాల్యాద్రి మొహం విప్పారింది. "సముద్రంలోనేనా? ఇంకా నయం! మనదేగా, ఎక్కడికి పోద్ది? కప్పమన్నావు కదా, కప్పుతాం."

సోమవారం అంకయ్య వచ్చాడు. "కుప్పేది?"

తిరుపాలు కొత్త చొక్కా వేసుకుని ఒడ్డుకు తీసుకుపోయాడు. నడుంలోతు నీళ్ళలో మాల్యాద్రి, చెంచమ్మ అలలమీద తాటాకులు పరుస్తున్నారు. నాలుగు కర్రలు పాతి తాడు కట్టారు.

"ఈ కర్రనుంచి ఆ కర్రదాకా మాది, మామా" అన్నాడు తిరుపాలు. "పక్కోళ్ళ ఉప్పు కలవకుండా హద్దు పెట్టాం. ఈసారి వానొచ్చినా తడవదు."

అంకయ్య సముద్రాన్ని చూశాడు, తిరుపాల్ని చూశాడు, చెప్పులు చేత్తో పట్టుకుని బస్సు దగ్గరికి నడిచాడు. మధ్యాహ్నం ఆటుకు తాటాకులూ కర్రలూ లోపలికి పోయాయి.

ఆ ఏడు పండిన ఉప్పంతా పోయింది. పిల్లను వేరేవాళ్ళకిచ్చారు. తిరుపాలుకు పెళ్ళి కాలేదు.