పంతులమ్మ మరిచిపోయిన పేరు

అనగనగా ఒక అడవి. ఆ అడవిలో ఒక వాగు, ఆ వాగు ఒడ్డున పిల్ల జంతువుల బడి. బడిలో చదువు చెప్పేది భద్రమ్మ అనే ముసలి ఏదుపంది. తన ఒంటి మీద నుంచి రాలిన ముల్లునే కలంలా పట్టుకుని, పిల్లల చేత ఇసుకలో అక్షరాలు దిద్దించేది. ఆ చుట్టుపక్కల ఆవిడ దగ్గర ఓనమాలు దిద్దని జంతువు లేదు.

ఎండాకాలం సెలవులు అయిపోయాయి. తొలకరి చినుకులు పడ్డాయి. తెల్లవారితే బడి తెరవాలి. బడి తెరిచే రోజంటే పిల్లలకి గుండె దడదడలాడుతుంది కదా? ఆ ఏడు పిల్లలకంటే పంతులమ్మకే ఎక్కువ దడగా ఉంది.

ఎందుకంటే, ఆవిడకి పేర్లు గుర్తుండటం లేదు. మొహం చూస్తే ఎవరి పిల్లో తెలుస్తుంది. నిరుడు ఏ పాఠం దగ్గర ఏడ్చాడో కూడా తెలుస్తుంది. పేరు మాత్రం నాలుక చివరిదాకా వచ్చి జారిపోతుంది.

సెలవులకి ముందు ఒకనాడు, భద్రమ్మ ఉడతపిల్ల మంగతాయిని పట్టుకుని వాళ్ళమ్మ పేరుతో పిలిచింది. కొండముచ్చు వీరమ్మ కొమ్మ మీద నుంచి విననే విన్నది.

"ఏం పంతులమ్మగారూ, మతి జారిపోతోందా? ఇలాగైతే మా పిల్లల్ని కొండ అవతలి బడికి పంపుకుంటాం" అని పకపకా నవ్వింది.

అందరూ నవ్వారు. భద్రమ్మ కూడా నవ్వింది. ఇంటికి వెళ్ళాక మాత్రం తిండి సయించలేదు. 'పిల్లలు రాకపోతే నేనేం చేసుకు బతకను?' అని సెలవులంతా అదే దిగులు.

చివరికి ఒక ఉపాయం తట్టింది. 'ఎవర్నీ పేరు పెట్టి పిలవను. అందర్నీ బంగారూ అంటాను. వాళ్ళకి ముద్దుగా ఉంటుంది, నా గుట్టు బయటపడదు' అనుకుంది.

తెల్లవారింది. పిల్లలు ఒక్కొక్కరే వచ్చారు.

"రా బంగారూ! ఎంత పెరిగావు బంగారూ! ఇలా కూర్చో బంగారూ!"

పిల్లలు మురిసిపోయారు. "పోయినేడు నా చెవి మెలిపెట్టింది. ఈ ఏడు నేను బంగారం అయిపోయాను చూడవే" అన్నాడు ముంగిసపిల్ల నూకరాజు.

"నువ్వు ఒక్కడివే కాదులే, నేనూ బంగారాన్నే" అంది మంగతాయి.

అంతలో ఒక దుప్పి వచ్చింది. ఆమె కాళ్ళ చాటున ఒక దుప్పిపిల్ల. వాడికి అదే మొదటిసారి బడికి రావడం.

"పంతులమ్మగారూ, మావాడండీ. పేరు జోగినాథం. వాళ్ళ తాత పేరు పెట్టుకున్నాం" అంది తల్లి దుప్పి.

"జోగినాథం, జోగినాథం" అని భద్రమ్మ లోలోపల వల్లెవేసుకుంది.

"ఇంకో మాటండీ. పొదల్లో నక్కి నక్కలూ తోడేళ్ళూ 'రా నాన్నా, రా బంగారూ' అని పిలుస్తాయి కదండీ. పాపం, పిల్లలకేం తెలుస్తుంది? అందుకని, పేరు పెట్టి పిలిచిన వాళ్ళ దగ్గరికే వెళ్ళాలని మా దుప్పులం పిల్లలకి నేర్పుతాం. వీడు ఆ మాట గట్టిగా పట్టుకున్నాడు. పేరు పెట్టి పిలవండి, చెప్పినట్టు వింటాడు."

"మంచి పని చేశావు తల్లీ" అంది భద్రమ్మ. సరిగ్గా అప్పుడే వెనక నూకరాజు ఎవరి తోకో లాగాడు. కీచుమని అరుపు. "ఎవరది?" అని భద్రమ్మ వెనక్కి తిరిగింది. గొడవ సర్దింది. మళ్ళీ ఇటు తిరిగేసరికి తల్లి దుప్పి పిల్లవాణ్ణి కూర్చోబెట్టి వెళ్ళిపోతోంది.

పేరు పోయింది.

'ఏదో నాథం. ఏం నాథం?' అని భద్రమ్మ తడుముకుంది. దుప్పి ఇంకా కనుచూపు మేరలోనే ఉంది. ఒక్క కేక వేస్తే చాలు. కానీ కొమ్మ మీద వీరమ్మ కూర్చుని ఉంది. 'ఇప్పుడే విని ఇప్పుడే మరిచిపోయిందా అంటుంది' అని భద్రమ్మ నోరు మూసుకుంది.

కొంతసేపటికి అక్షరాలు దిద్దే వేళయింది. కొత్తగా చేరిన పిల్లలకి ముందుగా వాళ్ళ పేరులోని మొదటి అక్షరం దిద్దించడం ఆ బడిలో అలవాటు. భద్రమ్మ దుప్పిపిల్ల ముందు కూర్చుని ఇసుకలో 'అ' రాసింది.

"నా పేరులో అక్షరం దిద్దిస్తారని అమ్మ చెప్పిందండీ" అన్నాడు వాడు.

'నీ పేరేమిట్రా నాన్నా' అని అడగబోయి ఆగింది. పక్కన పిల్లలు చెవులు రిక్కించి వింటున్నారు మరి.

"అది రేపు దిద్దుదాంలే, బంగారూ" అంది.

బంగారూ అనగానే వాడు భయంగా కొంచెం అవతలికి జరిగాడు.

మధ్యాహ్నం ఆటలకి వదిలింది. పిల్లలంతా ఒడ్డు మీద ఆడుతున్నారు. దుప్పిపిల్లకి ఇంకా స్నేహితులు లేరు. వాగు మధ్యలో ఒక ఇసుక దిబ్బ ఉంది. చీలమండ లోతు నీళ్ళు దాటుకుంటూ వాడు ఒక్కడే దాని మీదికి వెళ్ళి గులకరాళ్ళు ఏరుకుంటున్నాడు. భద్రమ్మ చూసింది. 'పోనీ, వాడి దగ్గరికి వెళ్ళి చాటుగా అడిగితే?' అనుకుంది. 'పంతులమ్మకి నా పేరు తెలీదు అని ఇంట్లో చెప్పేస్తే?' అనుకుంది. వెళ్ళలేదు.

అప్పుడు వినపడింది ఆ చప్పుడు.

ఎగువన కొండల్లో పెద్ద వాన కురిసింది. ఆ నీళ్ళు రాళ్ళని దొర్లించుకుంటూ వస్తున్నాయి. ఆ వాగు సంగతి భద్రమ్మకి బాగా తెలుసు. వచ్చిందంటే దిబ్బ మిగలదు.

"పైకి రండి! అందరూ పైకి రండి!" అని అరిచింది. ఒడ్డు మీది పిల్లలు పరుగెత్తుకొచ్చారు. దుప్పిపిల్ల తల ఎత్తి చూసి ఊరుకున్నాడు.

"బంగారూ! వరద వస్తోంది! రా బంగారూ!"

వాడు బిర్రబిగుసుకుని నిలబడ్డాడు.

"విశ్వనాథం!" అని పిలిచింది భద్రమ్మ. వాడు ఒక అడుగు వెనక్కి వేశాడు.

"సోమనాథం!" వాడు ఇంకో అడుగు వెనక్కి వేశాడు.

"రంగనాథం!" వాడు దిబ్బ అవతలి అంచుకి చేరాడు. పేరు తెలియకుండా పిలుస్తోంది, అచ్చం అమ్మ చెప్పిన నక్కలాగే అని వాడి భయం.

"వాడి పేరేంట్రా? ఎవరికైనా తెలుసా?" అని ఏడుపు గొంతుతో అడిగింది మంగతాయి.

"నాకేం తెలుసే? పొద్దుట్నుంచీ పంతులమ్మ బంగారూ అనేగా పిలుస్తోంది" అన్నాడు నూకరాజు. కొమ్మ మీది వీరమ్మకీ పొద్దున ఆ పేరు సరిగ్గా వినపడలేదు.

నీళ్ళు ఎర్రగా మారాయి. దిబ్బ అంచు విరిగి పడింది. భద్రమ్మ దిగి వెళ్దామన్నా ఆ ముసలి కాళ్ళు సగం దారి కూడా దాటలేవు. పైన వీరమ్మ వింటోంది. పిల్లలంతా వింటున్నారు. వింటే విన్నారు.

"ఒరే నాన్నా!" అని గొంతు చించుకుని అరిచింది భద్రమ్మ. "మీ అమ్మ నీ పేరు చెప్పింది. నేను మరిచిపోయాను. ముసలిదాన్ని, నాకు పేర్లు గుర్తుండటం లేదు. నువ్వే చెప్పరా, నీ పేరేమిటి?"

దుప్పిపిల్ల ఒక్క క్షణం ఆలోచించాడు. పేరు పెట్టి పిలవని వాళ్ళ దగ్గరికి వెళ్ళొద్దని అమ్మ చెప్పింది. పేరు అడిగితే చెప్పొద్దని మాత్రం చెప్పలేదు.

"జోగినాథం అండీ!" అని అరిచాడు.

"జోగినాథం! పైకి రా! జోగినాథం, దూకు!"

వాడు చెంగున దూకాడు. నీళ్ళు పొట్టదాకా తగిలాయి. ఇంకో దూకులో ఒడ్డున పడ్డాడు. వెనక్కి తిరిగి చూస్తే దిబ్బ లేదు.

సాయంత్రం తల్లులు వచ్చారు. వీరమ్మ నోరు తెరవకముందే భద్రమ్మ జరిగినదంతా తనే చెప్పింది. తల్లి దుప్పి పిల్లవాణ్ణి దగ్గరికి లాక్కుని ఒళ్ళంతా తడిమి చూసుకుంది.

"నన్ను అడగొచ్చు కదండీ? నేను ఇంకా అక్కడే ఉన్నాను. ఎన్నిసార్లు అడిగితే అన్నిసార్లు చెప్పేదాన్ని" అంది.

"సిగ్గుపడ్డాను తల్లీ" అంది భద్రమ్మ.

తల్లి దుప్పి పిల్లవాణ్ణి తీసుకుని వెళ్ళిపోయింది. వీరమ్మ కూడా ఆ రోజు నవ్వలేదు.

మర్నాడు పొద్దున్నే భద్రమ్మ ఇసుక చదును చేసి కూర్చుంది. దారి వైపే చూస్తోంది. ఎవరూ రారేమో, ఇక బడి మూతపడినట్టేనేమో అని ప్రాణం విలవిల్లాడింది. చాలాసేపటికి పిల్లలు వచ్చారు. అందరికంటే వెనక, తల్లి దుప్పి కూడా వచ్చింది, కొడుకుని వెంటబెట్టుకుని.

భద్రమ్మ లేచి నిలబడింది. వీరమ్మ కొమ్మ మీదే ఉంది. పిల్లలంతా చూస్తున్నారు.

"తల్లీ, వీడి పేరు ఇంకోసారి చెప్పవూ?" అని అందరి ముందే అడిగింది.

"జోగినాథం అండీ" అంది తల్లి దుప్పి.

భద్రమ్మ వాడి ముందు కూర్చుని, ఇసుకలో 'జో' రాసి దిద్దించింది. వాడు వంకరటింకరగా దిద్దాడు. మధ్యాహ్నానికి ఆవిడ వాడి పేరు మళ్ళీ మరిచిపోయింది. మళ్ళీ అడిగింది. వాడు మళ్ళీ చెప్పాడు.

నీతి: మరిచిపోయినదాన్ని మళ్ళీ అడగడానికి మొహమాటపడకండి. దాచిపెట్టిన మరుపు, మనల్ని నమ్ముకున్న వాళ్ళ మీదికే ముప్పు తెస్తుంది.