ఉద్దండ భూపాలుడి పదిహేడు పులులు

ఒకానొక కాలంలో, ఏటికి అవతల, కొండలకి ఇవతల మొగలికోన అనే రాజ్యం ఉండేది. గట్టిగా కేక వేస్తే ఈ పొలిమేర నుంచి ఆ పొలిమేరకి వినపడేంత రాజ్యం. దాన్ని ఏలే ఉద్దండ భూపాలుడి బిరుదులు మాత్రం చదవడం మొదలుపెడితే, పూర్తయ్యేసరికి సభలో సగం మందికి కునుకు పట్టేది. ఆ బిరుదుల్లో ఆయనకి అన్నిటికన్నా ఇష్టమైనది 'వ్యాఘ్రాంతకుడు'. అంటే పులుల పాలిటి యముడని అర్థం.

వేటంటే ఆయనకి ప్రాణం. అయితే ఒంటరిగా వెళ్ళడం బొత్తిగా గిట్టదు. చలికాలం రాగానే పట్టపురాణి, కూతురు, ఇద్దరు కొడుకులు, బావమరిది జగ్గరాజు, చిన్ననాటి నేస్తాలు, వాళ్ళ పెళ్ళాం పిల్లలు, ఎనభై ఏళ్ళ మేనత్త... అందరూ కదలాల్సిందే.

"ఇంటిల్లిపాదీ రాని వేట కూడా ఒక వేటేనా?" అనేవాడు రాజు.

ముందు గుర్రాలు, వెనక పల్లకీలు, ఆ వెనక పదకొండు వంట బళ్ళు. ఈ బలగం వస్తున్న సంగతి అడవిలో పులులకి గారెల వాసనతోనే తెలిసిపోయేది. అవి ముందే సర్దుకుని పక్క కొండకి పోయేవి.

మంచె మీద రాజు విల్లు పట్టుకుని కూర్చునేవాడు. పక్కన జగ్గరాజు గురక పెట్టేవాడు. కింద నుంచి మేనత్త అరగంటకోసారి "ఒరే అబ్బాయ్, పులొచ్చిందా? గారెలు చల్లారిపోతున్నాయి!" అని అరిచేది. ఎక్కడైనా పొద కదిలితే చాలు, రాజు బాణం ఎక్కుపెట్టి, మీసం మెలేసి, వదిలే సమయానికి రెండు కళ్ళూ గట్టిగా మూసుకునేవాడు. బాణం ఏ చెట్టుకో, పుట్టకో తగిలేది.

"పడింది! పడింది!" అని మంత్రి వల్లభామాత్యుడు కేక వేసేవాడు. "ప్రభూ, లోయలో పడింది. మనుషుల్ని పంపి తోలు ఒలిపిస్తాను. తమరు భోజనానికి దయచెయ్యండి."

రాజు దయచేసేవాడు.

నాలుగు రోజుల తరవాత బలగమంతా కోటకి తిరిగొచ్చేసరికి, వాకిట్లో పీట మీద పులితోలు సిద్ధంగా ఉండేది. దానికి పసుపు, కుంకుమ, ఈ చివరి నుంచి ఆ చివరి దాకా బంతిపూల దండలు. ఆనవాయితీ ప్రకారం రాజు దాని నడుం మీద ఎడమ పాదం మోపి, శత్రువు పొగరు అణిచినట్టుగా అటూ ఇటూ గట్టిగా రుద్దాలి. రుద్దుతున్నంతసేపూ చూపు ఆకాశం మీదే ఉండాలి. కిందకి చూడటం వీరులకి తగదు. ఆడవాళ్ళు హారతివ్వగానే తోలు కొట్లోకి వెళ్ళిపోయేది.

ఆ తోళ్ళ కొట్టుకి అధికారి చెంచయ్య. కొట్టు చాలా పెద్దది. పెళ్ళివారిని దింపవచ్చు. అందులో ఉన్న పులితోలు మాత్రం ఒక్కటే.

మొదటి ఏడు నిజంగానే ఒక ముసలి పులి పొదలో చచ్చి దొరికింది. వయసు మీరి పోయిందో, మేనత్తగారి కేకకి గుండె ఆగిందో ఎవరికీ తెలియదు. రెండో ఏడు ఏదీ దొరక్కపోయేసరికి మంత్రి చెంచయ్యని పక్కకి పిలిచి, "ప్రస్తుతానికి దీంతోనే సర్దెయ్యి" అన్నాడు. ఆ ప్రస్తుతం పదహారేళ్ళు సాగింది. ఏటా దుమ్ము దులపడం, దువ్వడం, దండలు వెయ్యడం, పూజ అయ్యాక మళ్ళీ మడత పెట్టి లోపల పెట్టడం... చెంచయ్య ఉద్యోగం ఇంతే. వేటకి మాత్రం అతన్ని ఎవరూ తీసుకెళ్ళేవారు కాదు. పులి ముందు కోటకి చేరాలి గనక మనిషి కోటలోనే ఉండాలి.

ఇలా ఉండగా రాకుమార్తెకి ఉరుముకొండ రాకుమారుడితో సంబంధం కుదిరింది. కాబోయే వియ్యంకుడు భైరవరాజు ఒకనాటి ఉదయం లగ్నం మాట్లాడటానికి వచ్చాడు. లగ్నం మాట రెండు నిమిషాల్లో తేలిపోయింది. వేట మాట మాత్రం తేలలేదు.

"మా ఇంట్లో పన్నెండు పులితోళ్ళున్నాయి, బావగారూ" అన్నాడు భైరవరాజు మీసం దువ్వుకుంటూ.

"పన్నెండేనా? పాపం!" అన్నాడు ఉద్దండ భూపాలుడు. "మావి పదిహేడు. భోజనాలవగానే అన్నీ తమ కళ్ళ ముందు పరిపిస్తాను. ఎవరక్కడ? చెంచయ్యని పిలవండి!"

చెంచయ్య వచ్చి చేతులు కట్టుకుని నిలబడ్డాడు. సంగతి విన్నాక కట్టుకున్న చేతులు విప్పడం కూడా మర్చిపోయాడు.

"పదిహేడూ తేవాలి" అన్నాడు రాజు. "ఒక్కటి తగ్గిందా, తగ్గిన ప్రతి తోలుకీ నువ్వే అడవికి పోయి, వట్టి చేతులతో ఒక్కొక్క పులిని పట్టి తేవాలి. ఇది మా ఆజ్ఞ. ఉద్దండ భూపాలుడు ఆడిన మాట తప్పడు."

తగ్గేవి పదహారు. చెంచయ్య ఒంట్లో మాంసం ఒక్క పులికే చాలదు.

పరుగు పరుగున మంత్రి దగ్గరికి పోయాడు. వల్లభామాత్యుడు తాంబూలం నములుతూ, "తోళ్ళా? ఏ తోళ్ళు? కొట్టు నీది, తాళం నీది. నాకేం తెలుసునయ్యా!" అని చల్లగా జారుకున్నాడు.  చెంచయ్య తిన్నగా ఇంటికి పోయి పెళ్ళాం ముందు కూలబడ్డాడు.

ఓబులమ్మ చేటలో బియ్యం చెరుగుతూనే అంతా విన్నది. "ఉన్నది ఒక్కటే అయితే ఆ ఒక్కదాన్నే చూపించు. ఉన్న ఒక్క పట్టుచీరతో నేను మూడు పెళ్ళిళ్ళకి పోయి రాలేదా? ఎవరన్నా పట్టుకున్నారా?"

"అవన్నీ ఒకే పూటా ఏమిటే?"

"పెళ్ళికీ పెళ్ళికీ మధ్య ఇంటికొచ్చేదాన్ని గదయ్యా. నీ తోలుని కూడా మధ్యమధ్యలో ఇంటికి పంపు."

 చెంచయ్య లేచి, పంచె బిగించి, ఆమెని వెంటబెట్టుకుని కోటకి పరిగెత్తాడు.

భోజనాలయ్యాయి. సభలో అందరూ ఆసీనులయ్యారు. రాణి, రాకుమార్తె, జగ్గరాజు, మేనత్త ఒకవైపు, అతిథులు మరోవైపు. చెంచయ్య వంగి దండం పెట్టాడు.

"ప్రభూ, పదిహేడూ ఒక్కసారే పరిస్తే అతిథులు తోళ్ళు చూస్తారు గానీ ఏలినవారి పరాక్రమం ఎప్పుడు వింటారు? తమరు ఒక్కొక్క వేట సెలవియ్యండి. ఏ కథకి ఆ తోలు తెస్తాను. కథ కాగానే తీసేస్తాను."

పదిహేడు కథలు చెప్పే అవకాశం ఉద్దండ భూపాలుడికి జన్మలో రాలేదు. రెండో కథకే అందరూ లేచిపోయేవారు. ఆయన మొహం విప్పారింది.

"భేష్! కానియ్యి!"

తూర్పు గుమ్మంలోంచి మొదటి తోలు వచ్చింది. రాజు మొదటి కథ చెప్పాడు. చెంచయ్య తోలు చుట్టి పడమటి గుమ్మంలోంచి బయటపడి, వంటశాల వెనక నుంచి పరిగెత్తుకుంటూ వచ్చేసరికి, ఓబులమ్మ దండ మార్చి, వెంట్రుకలు ఎదురు దువ్వి, పన్నీరు చల్లి పంపింది. రెండో తోలు వచ్చింది. మూడోదానికి బొట్టు పెట్టింది. నాలుగోదానికి చెరిపింది. ఐదోదాన్ని చెంచయ్య తోక ముందుగా తెచ్చాడు. ఆరోదానికి చెంచయ్య చెమట కారి పులి తడిసింది.

"ఇదేమిటి, తడిగా ఉంది?" అన్నాడు భైరవరాజు.

"దాన్ని ఏటి మధ్యలో కొట్టాను!" అన్నాడు రాజు తడుముకోకుండా. చెంచయ్యకి ఆ పూట మొదటిసారి తన ప్రభువు మీద గౌరవం కలిగింది.

తొమ్మిదో విడతలో పెరటి గడపకి తగులుకుని పులి తోక ఊడి ఓబులమ్మ చేతికొచ్చింది.

"ఇప్పుడెలాగే?" అన్నాడు చెంచయ్య ఆయాసపడుతూ.

"ఎలాగేముంది, పో! రాజుగారే ఏదో ఒకటి చెబుతారు."

రాజు చెప్పాడు. బాణంతో ముందు తోక తెగ్గొట్టి, అది వెనక్కి తిరిగి చూసుకుంటుండగా ప్రాణం తీశానన్నాడు. సభ చప్పట్లు కొట్టింది. పదో పులి కూడా తోక లేకుండానే వచ్చింది. అప్పటికే రాజు "ఆ పులి తోక ఝాడిస్తూ నా మీదకి దూకింది" అనేశాడు.

భైరవరాజు ముందుకి వంగాడు. "బావగారూ, ఝాడించిన తోక ఎక్కడ?"

రాజు మీసం మెలేశాడు. భైరవరాజు లేచొచ్చి తోలు చుట్టూ ఒక ప్రదక్షిణ చేశాడు.

"ఇంకో సందేహం. మీ అడవిలో పులులన్నిటికీ నడుం మీద ఒకేచోట వెంట్రుకలు ఎందుకు లేవు? పది పులులు చూశాను. పదింటికీ ఇక్కడే బోడి. పైగా ఇది పాదం ఆకారంలో ఉంది. ఏదీ, తమ ఎడమ పాదం ఒక్కసారి ఇటు..."

రాజు పాదం పెట్టాడు. బొటనవేలితో సహా అచ్చంగా సరిపోయింది.

 రాజు పదిహేడేళ్ళలో మొదటిసారి తన పాదం కిందకి చూశాడు. చూసి, తల ఎత్తి మంత్రిని చూశాడు. మంత్రి పైకప్పు చూస్తున్నాడు. రాజు మొహం ముందు తెల్లబడి, తరవాత ఎర్రబడింది. వియ్యంకుడి ముందు, కూతురి ముందు పరువు పోయింది.

"చెంచయ్యా! కొట్లో ఉన్నది ఇదొక్కటేనా?"

"ఇదొక్కటే, ప్రభూ."

"మిగిలిన పదహారు తోళ్ళూ ఏమయ్యాయి? ఏం చెప్పానో గుర్తుందా? తగ్గిన ప్రతి తోలుకీ ఒక పులి!"

 చెంచయ్యకి ఇక పరిగెత్తడానికి వంటశాల దారి కూడా లేదు. చేతులు జోడించి, నెమ్మదిగా అన్నాడు.

"ఒక్కటీ తగ్గలేదు, ప్రభూ. పదహారూ అడవిలో ఉన్నాయి."

"అడవిలోనా! ఎక్కడ?"

"పులుల మీద, ప్రభూ."

రాజు మళ్ళీ మంత్రి వైపు తిరిగాడు. చెంచయ్య ఆ సందులో దూరిపోయాడు.

"కొట్లో పెడితే పురుగు పడుతుంది, వెంట్రుక రాలుతుంది, తోక ఊడుతుంది. ఈ ఒక్కదాని గతి తమరే చూస్తున్నారు గదా! అదే పులి మీదుంటే ఆ భయమే లేదు. రోజూ తనే నాకి శుభ్రం చేసుకుంటుంది. పొద్దున్నే ఎండలో ఆరబెట్టుకుంటుంది. చినుకు పడితే వెంటనే గుహలోకి పట్టుకుపోతుంది. అంత శ్రద్ధ నా తరమా? తమ సొత్తు కాబట్టి భద్రమైన చోట ఉంచాను. తనిఖీ చేస్తామంటే ఇప్పుడే దారి చూపిస్తాను. కాకపోతే అధికారం తమది గనక, తమరు ముందు నడవాలి."

ముందు మేనత్త నవ్వింది. పళ్ళు లేని నోటితో పగలబడి నవ్వింది. "నాకు చూపు ఆనదు గానీ ముక్కు బాగానే ఉందిరా అబ్బాయ్. పదిహేడేళ్ళుగా అదే కంపు!"

"అత్తా! నీకు తెలుసా?"

"నాకూ తెలుసు" అన్నది రాణి మెల్లగా. "హారతిచ్చే దాన్ని నేనే గదా. మూడో ఏడే గుర్తుపట్టాను."

"నేను ఐదో వేటకి" అన్నది రాకుమార్తె. జగ్గరాజు కూడా చెయ్యెత్తాడు.

రాజు కుర్చీలో వెనక్కి వాలిపోయాడు. "అందరికీ తెలుసు. ఒక్కరూ చెప్పలేదేం?"

"చెబితే వేట మానేస్తారని" అన్నది రాణి. "మిగతా ఏడంతా తమరు బంగారు పళ్ళెంలో ఒక్కరే భోంచేస్తారు. ఆ నాలుగు రోజులే మా పక్కన నేల మీద కూర్చుని, మా విస్తళ్ళలో గారెలు లాక్కుని తింటారు. మాకు ఆ నాలుగు రోజులు కావాలి. పులి లేకపోతేనేం?"

రాజు కళ్ళు చెమ్మగిల్లాయి. ఎంత ఆపుకుందామనుకున్నా ఆగలేదు. మాట మార్చడానికి గట్టిగా దగ్గబోయాడు. దగ్గు కాస్తా నవ్వయింది. బోడి పులినీ తన పాదాన్నీ మార్చిమార్చి చూస్తూ పొట్ట పట్టుకుని నవ్వాడు. సభంతా నవ్వింది.

"బావగారూ" అన్నాడు భైరవరాజు కళ్ళు తుడుచుకుంటూ, చెవి దగ్గరికి వంగి, "పెళ్ళయ్యాక ఇతన్ని ఒక నెల మాకు పంపండి. మీరు మా ఇంటికొచ్చి ఆ పన్నెండూ చూపించమంటే నా గతేం కాను?"

ఆ మాటతో రాజు మళ్ళీ నవ్వాడు. నవ్వు ఆగాక మంత్రిని పిలిచి, వచ్చే వేటకి గారెల పప్పు స్వయంగా రుబ్బమని ఆజ్ఞాపించాడు. తన మెళ్ళో ముత్యాల హారం తీసి చెంచయ్య మెడలో వేశాడు. ఓబులమ్మని వంటశాల గుమ్మం దగ్గర నుంచి పిలిపించి మూడు పట్టుచీరలు ఇప్పించాడు.

"చెంచయ్యా, కొట్టు తాళం ఇచ్చెయ్యి. ఈ రోజు నుంచి నా అడవిలో పులుల మీదున్న తోళ్ళన్నిటికీ నువ్వే అధికారివి. ఎవరు బాణం వేసినా, వల వేసినా పట్టి నా ముందుకి తీసుకురా. ఒక్క తోలు కూడా దాని పులిని వదిలి రాకూడదు. ఏడాదికోసారి ఇంటిల్లిపాదితో వచ్చి చూసుకుంటాను."

"చిత్తం, ప్రభూ. దగ్గర నుంచి చూస్తారా?"

"మంచె మీద నుంచయ్యా" అన్నాడు ఉద్దండ భూపాలుడు. "నువ్వు కూడా నా పక్కనే కూర్చోవాలి. విస్తరి వేయిస్తాను."