మాస్టారు కొట్టిన తప్పు

నూకరత్నం వేళ్ళకి స్పీడు తక్కువేం కాదు. తునిలో సూర్యప్రకాశం మాస్టారి టైపు ఇన్‌స్టిట్యూట్‌లో ఆ పిల్ల కీబోర్డు ముందు కూర్చుందంటే పక్కవాళ్ళు తమ పని మానేసి చూసేవాళ్ళు. మూకుట్లో పేలాలు వేగుతున్నట్టుండేది ఆ చప్పుడు. అయినా కోర్టు టైపిస్టు పరీక్షకి రెండుసార్లు వెళ్ళి రెండుసార్లూ ఉత్త చేతులతో వచ్చింది. ఈసారి కూడా పోతే వయసు దాటిపోతుంది. ఇక దరఖాస్తు పెట్టుకోడానికి కూడా వీలుండదు. ఆ పరీక్ష రేపే.

ఆ పరీక్షలో నిమిషానికి ఎన్ని మాటలు కొట్టారో చూసి, తప్పుకి ఇంతని అందులోంచి కోసేస్తారు. కొట్టింది చెరుపుకుందామంటే బ్యాక్‌స్పేస్ పనిచెయ్యదు. దీనికి నూకరత్నం సొంతంగా ఒక ఉపాయం కనిపెట్టింది. ఎంత కోసినా ఇంకా మిగిలేంత స్పీడుగా కొట్టేస్తే సరి! బిందెకి చిల్లుంటే చిల్లు సంగతి వదిలేసి బోరింగు ఇంకాస్త గట్టిగా కొట్టినట్టుంది ఆ తెలివి. పోనీ నాలుగు చీవాట్లు పెడదామా అంటే మనసొప్పదు. పొద్దున్నే వాళ్ళమ్మ టిఫిన్ బండి దగ్గర ఇడ్లీ ప్లేట్లు అందించి, చేతులు కడుక్కుని పరిగెత్తుకొచ్చే పిల్ల.

"మాస్టారూ, ఇంకో అయిదు మాటలు పెరిగితే గట్టెక్కేస్తానండి. ఏం చెయ్యమంటారు?" అంది ఆ రోజు రాగానే.

మాస్టారు ఇనప టైపు మిషన్ల కాలం మనిషి. కంప్యూటర్లు వచ్చాక మిషన్లు అమ్మేశారు కానీ, తెరవైపు చూడకుండా కళ్ళు మూసుకుని చప్పుడు వినే అలవాటు మాత్రం మానలేదు. పరీక్షలు దగ్గరపడితే ప్రతి కీబోర్డుకీ బ్యాక్‌స్పేస్ మీట ఊడదీసి వక్కపొడి డబ్బాలో దాచేసేవారు.

"ముందు కొట్టమ్మా, విందాం," అన్నారు.

నూకరత్నం కొట్టింది. చప్పుడు కాసేపు జోరుగా సాగింది. ఒకచోట తడబడింది. ఆ తర్వాత వెనక కుక్క తరుముతున్నట్టు ఒకటే పరుగు.

"అక్కడేమైంది?"

"ఒక అక్షరం తప్పు పడిందండి."

"ఆ తర్వాత?"

"ఇంకా చాలా పడ్డాయండి."

"ఎందుకు పడ్డాయి?"

నూకరత్నం కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "మొదటిది పడగానే గుండె జారిపోతుందండి. అయిపోయింది, పేజీ పాడైపోయింది అనిపిస్తుంది. పోయినదాన్ని ఎలాగోలా రాబట్టేద్దామని పరిగెడతానండి. పోయినసారీ అంతే, ఆ ముందుసారీ అంతే. రేపూ అంతేనేమో!"

ఎంతోమందికి టైపు నేర్పారు మాస్టారు. ఇంతమందిలో ఈ పిల్లకే ఉద్యోగం రావాలని ఆయనకి ఎందుకంత తాపత్రయమో ఆయనకే తెలీదు. రేపటి సంగతి తలుచుకుంటే ఆయనకీ బెంగగానే ఉంది.

స్టూలు లాక్కుని ఆమె పక్కన కూర్చున్నారు.

"కొత్త పేజీ తియ్యి."

తీసింది. కళ్ళు తుడుచుకుని వేళ్ళు మీటల మీద సర్దుకుంది. ఇక మొదలుపెట్టబోతుంటే మాస్టారు చెయ్యి చాచి, చూపుడువేలితో టక్కున ఒక మీట నొక్కారు. తెల్లటి పేజీ నెత్తిన సంబంధం లేని అక్షరం ఒకటి వచ్చి కూర్చుంది.

"అయ్యో! ఏంటండీ ఇది?"

నూకరత్నం చిటికెనవేలు దానంతటదే బ్యాక్‌స్పేస్ కోసం వెళ్ళింది. అక్కడ గుంట తప్ప ఏమీ లేదు.

"తప్పు పడింది," అన్నారు మాస్టారు తాపీగా. "కొట్టు."

"పేజీ పాడుచేశారు కదండీ!"

"చేశాను. ఆ తప్పు నాది. నువ్వు కానివ్వు."

కోపం వచ్చింది నూకరత్నానికి. రేపు పరీక్ష పెట్టుకుని ఇవేం వేళాకోళాలు? మూతి ముడుచుకునే మొదలుపెట్టింది. మొదటి రెండు లైన్లూ ఆ అక్షరం కంట్లో నలుసులాగా గుచ్చుతూనే ఉంది. మూడో లైనుకి దాన్ని చూడ్డం మానేసింది. ఆ తర్వాత అది ఉన్నట్టే గుర్తులేదు.

మాస్టారు కళ్ళు మూసుకుని వింటున్నారు. బయట తాండవ నది వంతెన వైపు వెళ్ళే ఆటోల హారన్లు. లోపల ఒకే తీరున, తొందరా తడబాటూ లేని చప్పుడు.

టైము అయిపోయింది. నూకరత్నం తను చూసి కొట్టిన అచ్చు కాగితాన్ని తెర పక్కన పెట్టుకుని అక్షరం అక్షరం సరిచూసింది. నమ్మకం కలగక మళ్ళీ మొదటినుంచీ చూసింది. స్పీడు రోజూకంటే కాస్త తక్కువే. కోత పోను మిగిలింది మాత్రం ఎప్పుడూ రానంత ఎక్కువ.

"మాస్టారూ!" అని ఎగిరి గంతేసినంత పని చేసింది. "నాది ఒక్కటి కూడా లేదండి! ఉన్న ఒక్క తప్పూ మీదే!"

మాస్టారు మోకాళ్ళు పట్టుకుని మెల్లగా స్టూలు మీంచి లేచారు. నవ్వుతూ ఆమె తలమీద చెయ్యి వేశారు.

"రేపు హాల్లోకి నన్ను రానివ్వరమ్మా," అన్నారు. "ఆ మొదటి తప్పు కూడా నువ్వే కొట్టుకోవాలి."