తవుడుకి అమ్మిన కొడుకు

వెనకటికి కుంకుమగిరి అనే దేశానికి ఒక రాజు ఉండేవాడర్రా పిల్లలూ. ఆయన పేరు ఉదయకేతుడు. రాణి పేరు మాణిక్యవల్లి. వాళ్ళకి ఏడు కోటలు, ఏడు తోటలు, ఏడు వందల ఏనుగులు ఉండేవి. పిల్లలు మాత్రం నిలవలేదు. మొదటి బిడ్డ మూడు రోజులు బతికింది. రెండో బిడ్డ మూడు వారాలు బతికింది. మూడో బిడ్డ పుట్టినప్పుడు రాణి ఏడవలేదు, నవ్వలేదు. వీడు మూడు నెలలైనా ఉంటాడా అని చూస్తూ కూర్చుంది.

మంత్రసాని సూరమ్మ ఒక ఉపాయం చెప్పింది. "బిడ్డని చేటలో పెట్టి తవుడుకి అమ్మండి తల్లీ. అమ్ముడుపోయిన బిడ్డ జోలికి మృత్యువు రాదు. కొన్నవాళ్ళు మళ్ళీ మీ ఒళ్ళోనే పెట్టి, నా బిడ్డని నువ్వు పెంచు అంటారు. ఊళ్ళో అందరూ చేసేదే."

"ఎవరికి అమ్మను?"

"పాలు పోసే నీలమ్మకి. ఆరుగుర్ని కన్నది. ఆరుగురూ గుండ్రాళ్ళలా ఉన్నారు."

రాణికి అది నచ్చలేదు. రేపు కొడుకు సింహాసనం ఎక్కుతాడు. నీలమ్మ వీధిలో పాలబిందె దించి, 'రాజుగారు నా కొడుకే' అంటుంది. నవ్వుతూనే అంటుంది. అయినా అంటుంది. అందుకని రాణి ఊరూ పేరూ లేనివాడి కోసం చూసింది. మళ్ళీ ఈ గడప తొక్కనివాడైతే మేలనుకుంది.

మర్నాడు పొద్దున కోట వాకిట్లోకి ఒక బైరాగి వచ్చాడు. రాణి చేటలో బిడ్డని అందించింది. బైరాగి జోలెలోంచి గుప్పెడు తవుడు తీసి ఆవిడ కొంగులో పోశాడు. బిడ్డ ముఖం చాలాసేపు చూసి తిరిగి ఇచ్చాడు.

"నా బిడ్డని నువ్వు పెంచు," అన్నాడు. అందరూ అనే మాటే. ఆ తరవాత ఎవరూ అనని మాట ఒకటి అన్నాడు. "పాలు మానిన రోజు వచ్చి తీసుకుపోతాను."

వాడు బైరాగి కాదు. ఏడు సముద్రాల అవతల ఉండే గరళుడనే మాంత్రికుడు.

బిడ్డ బతికాడు. తవుడుకి అమ్మారు కనుక తవిటయ్య అన్నారు. ఆస్థాన పండితుడు తల పట్టుకుని ఆ పేరుని తవిటేంద్రుడని దిద్దాడు. రాణి మాత్రం తవిటీ అని పిలిచేది. పళ్ళు వచ్చాయి, కరిచాడు. నడక వచ్చింది, మెట్ల మీంచి దొర్లాడు. రాజుగారి కిరీటంలో కుక్కపిల్లని పడుకోబెట్టాడు. వాడి వెనక పరిగెత్తి పరిగెత్తి రాణికి ఒళ్ళు హూనమయ్యేది. అన్నం సగంలో లేచేది. అంత సుఖం ఆవిడకి మళ్ళీ దొరకలేదు.

పాలు మాత్రం మాన్పించలేదు. రెండేళ్ళు ఇచ్చింది, మూడేళ్ళు ఇచ్చింది, నాలుగేళ్ళు ఇచ్చింది. ఐదో ఏట వాడు కర్రగుర్రం దిగి వచ్చి కొంగు లాగేవాడు. దాసీలు మూతులు తిప్పుకున్నారు. "మీసాలొచ్చాక కూడా ఇస్తారు కాబోలు," అంది ఒకతె. రాజు కూడా అడిగాడు, ఇంకా ఎన్నాళ్ళని. వాడు అడిగినన్నాళ్ళు అంది రాణి.

ఒక మధ్యాహ్నం ఆవిడే పిలిచింది. "తవిటీ, పాలు తాగవా?"

"వద్దమ్మా. నేను పెద్దవాణ్ణయ్యాను."

"ఈ ఒక్కసారికి."

"ఛీ. సేనాపతిగారి అబ్బాయి నవ్వుతాడు."

రాణి తలెత్తి చూసింది. వాకిట్లో బైరాగి నిలబడి ఉన్నాడు. భటులు కత్తులు దూస్తే కత్తులు పూలదండలయ్యాయి. బైరాగి పిల్లవాడి వేలు పట్టుకున్నాడు. మరుక్షణం ఇద్దరూ లేరు.

రాజు మూడుసార్లు సైన్యాన్ని పంపాడు. మొదటిసారి ఒక సముద్రం దాకా వెళ్ళి తిరిగి వచ్చారు. రెండోసారి రెండు సముద్రాల దాకా వెళ్ళి సగం మంది వచ్చారు. మూడోసారి ఎవరూ రాలేదు. "ఇంకొకడు పుడతాడులే," అన్నాడు రాజు. ఏడ్చి ఏడ్చి అలిసిపోయిన మనిషి అన్న మాట అది. రాణి నగలు తీసి పీట మీద పెట్టి, చిన్న మూట కట్టుకుని ఒక్కతే బయలుదేరింది.

మొదటి సముద్రం ఒడ్డున ఒక తాబేలు గుడ్లు పెట్టి ఇసక కప్పుతోంది.

"ఎక్కడికమ్మా?" అంది తాబేలు.

"కొడుకు కోసం."

"నేను గుడ్లు పెట్టి వెళ్ళిపోతాను. ఏది బతికిందో, ఏది పోయిందో చూడను. చూస్తే ఏమవుతుందో నీ ముఖంలో కనిపిస్తోంది. ఎక్కు."

తాబేలు నడక తాబేలుదే. ఒక్కో సముద్రానికి ఒక్కో ఏడాది పట్టింది. మొదటి సముద్రం మీద రాణి ఐదేళ్ళ కొడుకుని తలుచుకుంది. ఏడో సముద్రం మీద కూడా ఐదేళ్ళ కొడుకునే తలుచుకుంది.

అవతలి ఒడ్డున ఒక కాకి కనిపించింది. ఏడేళ్ళు ప్రయాణం చేసి వచ్చిన మనిషి కదా, కూర్చోమని తన కథ చెప్పుకుంది. "నా గూట్లో కోకిల గుడ్డు పెట్టి పోయింది. నాదేననుకుని మేపాను. ఒకరోజు గొంతు విప్పి, నా ముఖం కూడా చూడకుండా ఎగిరిపోయింది."

"కోపం రాలేదా?"

"వచ్చింది. ఏటా వస్తుంది. ఏటా మేపుతున్నాను." రాణి వచ్చిన పని విని కాకి గొంతు తగ్గించింది. "గరళుడి ప్రాణం చిలకలో ఉంది. పెరట్లో నూరు చిలకలున్నాయి. అందులో ఏదో నాకు తెలియదు."

మాంత్రికుడి గోడ పక్కన ఒక పిల్లి, నోట కరుచుకున్న కూనని కింద పెట్టి పలకరించింది. "దీన్ని ఆరు చోట్లకి మార్చాను. ఏడో చోటు దొరకలేదు. నీ మూటలో దాచుకోనిస్తే చెప్పిన పని చేస్తాను."

రాణి మూట విప్పి కూనని పడుకోబెట్టింది. "నేను కొంగు సర్దుకున్నప్పుడు చిలకల మధ్యకి దూకు."

తలుపు తీసినవాడికి పన్నెండేళ్ళు. తలకి నూనె రాసి దువ్వి ఉంది. బుగ్గలు నిండుగా ఉన్నాయి. రాణి అన్నీ చూసింది. దెబ్బల కోసం వెతికింది, కనిపించలేదు.

"ఎవరమ్మా నువ్వు? దాహమా?" అని చెంబుతో నీళ్ళిచ్చాడు. "నాన్న తోటలో ఉన్నాడు, పిలుస్తాను," అని పెరట్లో జామచెట్టు కింద కూర్చోబెట్టాడు.

గరళుడు వచ్చాడు. గుర్తుపట్టాడు. "నేను దొంగతనం చెయ్యలేదు. నువ్వు ఇస్తేనే కొన్నాను. జ్వరం వస్తే పక్కన కూర్చున్నాను. చదువు చెప్పాను. వాణ్ణే అడుగు. వస్తానంటే తీసుకుపో."

రాణి అంతా చెప్పింది. పిల్లవాడు శ్రద్ధగా విన్నాడు.

"నువ్వు మా అమ్మవా?"

"అవును నాయనా."

"మరి నన్నెందుకు అమ్మావు?"

"నువ్వు బతకాలని."

వాడు ఆలోచించాడు. "బతికాను కదా. ఇక్కడ బాగానే ఉన్నాను," అన్నాడు. ఆ గొంతులో కోపం లేదు. దారి తప్పిన మనిషికి దారి చెబుతున్నట్టుంది.

రాణి కొంగు సర్దుకుంది.

పిల్లి దూకింది. నూరు చిలకలూ ఒక్కసారి అరిచాయి. రాణి చిలకల్ని చూడలేదు. గరళుడి కళ్ళని చూసింది. అవి మొదట పిల్లవాడి వైపు వెళ్ళాయి. వాడికేమీ కాలేదని తేలాక, జామకొమ్మ చివర ఉన్న చిలక వైపు వెళ్ళాయి.

కళ్ళు మొదట ఎటు వెళ్ళాయో కూడా రాణి చూసింది. చూసి కూడా చెయ్యి చాచి జామకొమ్మ చివరి చిలకని పట్టుకుని మెడ విరిచింది.

గరళుడు నిలుచున్నచోటే కూలిపోయాడు. రాణి చేతులు చాచింది. పిల్లవాడు ఆవిడ పక్కనుంచి పరిగెత్తి మాంత్రికుడి తల ఒళ్ళో పెట్టుకున్నాడు. "లే నాన్నా," అన్నాడు. మంత్రంతో కట్టిన ఇల్లు గోడ గోడగా ఇసకై రాలింది. వాడికి పోవడానికి ఇంకో ఇల్లు లేదు. అందుకని వచ్చాడు.

తాబేలు మీద మళ్ళీ ఏడేళ్ళు. మూడు సముద్రాలు దాటేదాకా వాడు వెనక్కే చూస్తూ కూర్చున్నాడు. నాలుగో సముద్రం మీద రాణికి ఎండ తగులుతుంటే తన పైబట్ట ఇచ్చి, "మీరు కప్పుకోండి," అన్నాడు. రాణి కప్పుకుంది. కొడుకు కన్నతల్లిని మీరు అనడం ఆ దేశంలో ఎవరూ వినలేదు. నీలమ్మ కొడుకులు ఆరుగురూ తల్లిని నువ్వనే అనేవారు, తిట్టేటప్పుడు కూడా.

కుంకుమగిరి చేరేసరికి వాడికి పందొమ్మిదేళ్ళు. రాజు ఊరంతా పందిళ్ళు వేయించాడు. పొరుగుదేశపు రాజకుమారి చారుహాసినితో పెళ్ళి చేశాడు. తవిటేంద్రుడు పట్టాభిషేకం చేసుకుని చాలాకాలం చక్కగా ఏలాడు. పంటలు పండాయి. దొంగలు వేరే దేశాలు చూసుకున్నారు. ఆయన రోజూ పొద్దున్నే తల్లి గదికి వచ్చి, కాళ్ళకి దణ్ణం పెట్టి, "భోజనం బాగా చేస్తున్నారా?" అని అడిగి వెళ్ళేవాడు. ఒక్కరోజు కూడా తప్పలేదు. ఒక్కరోజు కూడా కూర్చోలేదు.

ఒకనాడు కోడలు అత్తగారికి జడ వేస్తూ అంది, "మీ అబ్బాయికి మీరంటే ఎంత మర్యాద అత్తయ్యా. మా అన్నయ్య ఉన్నాడు, రోజూ మా అమ్మతో పోట్లాడతాడు. కూర బాగాలేదని కంచం తోసేస్తాడు. మళ్ళీ సాయంత్రానికి వచ్చి ఒళ్ళో తల పెట్టుకుంటాడు."

"మీ అమ్మ అదృష్టవంతురాలు," అంది రాణి.

కోడలు అది వేళాకోళమనుకుని నవ్వింది.