చీలలంక దోనెమ్మ తల్లి

గోదావరి సముద్రంలో కలిసే చోట, మడచెట్ల నడుమ చీలలంక ఉంది. రేవు నుంచి పడవ మీద అరగంట ప్రయాణం. ఇక్కడి గుడిలో రాతి విగ్రహం లేదు. ఒకే మాను తొలిచి చేసిన పాత దోనెను నిలువుగా నిలిపి, పసుపు పూసి, ఎర్రచీర కట్టి, దోనెమ్మ తల్లి అని కొలుస్తారు.

పూర్వం ఈ తీరాన దాలయ్య అనే దోనెల పనివాడు ఉండేవాడు. మామిడి మానును గొడ్డలితో చెక్కి, నడుమ నిప్పుపెట్టి, బొగ్గయిన మేరకు బాడిసతో తొలిచేవాడు. అడుగున ఎంత మందం మిగిలిందో వేలి కణుపుతో తట్టి, చప్పుడును బట్టి చెప్పేవాడు. ఇంత తేలికైన దోనెలు మరెవరూ చేయలేరని పేరు.

ఒక మధ్యాహ్నం మాను పక్కన కునుకు తీస్తుండగా పసుపు ముఖపు స్త్రీ కలలో కనబడి, "నా కొలత పెట్టనిదే బాడిస ఎత్తకు" అంది. దాలయ్య నవ్వుతూ భార్య పేరంటాలుతో చెప్పాడు.

"ఆవిడకు కొలత కావాలంటే వచ్చి నా చెవిని అడగమను."

"అమ్మవారితో వేళాకోళమేమిటయ్యా?"

"వేళాకోళం కాదే. యాభై దోనెలు చేసిన చెవి ఇది."

ఆ నెల ఒకే మానులోంచి రెండు దోనెలు తీశాడు. మొదటిదానిలో పేరంటాలు రెండేళ్ల కూతురు అంకాలును తీసుకుని అవతలి ఒడ్డున ఉన్న పుట్టింటికి బయలుదేరింది. దాలయ్య రెండోదానికి నూనె పట్టిద్దామని దాన్ని ఎండకు ఎదురుగా ఓరగా నిలబెట్టాడు. చెక్కలోంచి ఎర్రటి వెలుగు కనబడింది. నమ్మలేక అవతలివైపు చెయ్యి ఆనించాడు. ఐదు వేళ్ల నీడ ఇవతలికి తెలిసింది.

రెండు దోనెలనూ తట్టింది ఆ వేలితోనే, విన్నది ఆ చెవితోనే. మిగిలిన మాను దుంగ ఒకటి నీళ్లలోకి తోసి, దాన్ని పట్టుకుని ఈదాడు. ఏటి నడుమ, ఇప్పుడు గుడి ఉన్న ఈ ఇసుక తిప్పకు దోనె ఆని ఉంది. పేరంటాలు బిడ్డను ఒళ్లో పెట్టుకుని అందులోనే కూర్చుంది.

"దిగవేమే?"

"మడమ తీస్తే మునుగుతాం."

"ఇసుక మీద ఉన్నావు. తియ్యి."

"చేసింది నువ్వు. నువ్వే తియ్యి."

దాలయ్య ఆమె కాలు ఎత్తి చూశాడు. మడమ నిండా నెత్తురు. "సగం దూరంలో అడుగు చిల్లిపడింది, మడమ అదిమాను. కాసేపటికి ఏదో కిందినుంచి గుచ్చుకుంది. నీళ్లు ఆగాయి. నొప్పికి కాలు తీస్తే పిల్ల పోతుందని తీయలేదు" అంది.

చిల్లిలో తుమ్మచేవతో చేసిన నల్లటి చీల, కొయ్యమేకు, బిగిసి ఉంది. ఎవరో బయటినుంచి కొట్టారు. ఆమెను దింపి దోనె ఒరిగిస్తే, అడుగున దాని తలమీద తడి పసుపు. చీల పొడవు బొటనవేలంత. అందులో గోరు మందమే చెక్కలో ఉంది, మిగిలినదంతా లోపలికి పొడుచుకొచ్చింది. తాను ఎంత ఎక్కువ తొలిచాడో ఆ పొడుచుకొచ్చిన భాగమే చెప్పింది.

దాలయ్య తిరిగి వెళ్లి రెండో దోనెను గొడ్డలితో చీల్చేశాడు. మొదటిదాన్ని ఇక్కడే నిలిపాడు. అప్పటినుంచి ఈ ప్రాంతంలో తొలిచేముందు, అమ్మవారి కొలతగా, ఆ చీలంత పొడవు తుమ్మచీలలు దోనె చుట్టూ బయటినుంచి కొడతారు. లోపల చెక్కుతుండగా తెల్ల చెక్కలో నల్ల చుక్క కనబడిందంటే బాడిస ఆగాలి.

నేటికీ కొత్త దోనె నీట దించే రోజున పనివాడు ముందుగా తన బిడ్డను అందులో కూర్చోబెడతాడు. భార్య అందరి ఎదుటా, "కొలత దాటావా?" అని అడుగుతుంది. జవాబు చెప్పలేక దోనెను అక్కడికక్కడే నరికినవారు ఉన్నారు. వారిని ఎవరూ వెక్కిరించరు. దూరాన బిడ్డలున్న తల్లిదండ్రులు ఇక్కడ ఒక చీల సమర్పిస్తారు. అది ఎవరి దోనెలోకో వెళుతుంది. పూజారి వారి తలమీద చేయి ఉంచి పలికే దీవెన ఒక్కటే: "నీ బిడ్డ ఎక్కిన దోనె చేసినవాడు నల్ల చుక్క దగ్గర ఆగినవాడై ఉండుగాక."